పొన్నంకి పిట్ట - పదిమంది కన్నులు



ఉగాది వెళ్లినది. వేపపూత రాలుచున్నది. తెల్లవాఱుజామున మామిడితోపులలో కోకిల కూయుచున్నది. మీరందఱును ఆ కూతను విన్నవారే. ఇప్పుడు మిమ్మొక ప్రశ్న యడిగెదను. నిరుడు మీ యూర కోకిల మొట్టమొదట కూసిన దినమేది? ఏ యేట చెఱువు తెగినదో, ఏ యేట కఱవు వచ్చినదో, ఏ యేట ఏ బావిలో నీరు పడినదో మీరు వ్రేళ్లమీద లెక్కించి చెప్పగలరు. కోకిల కూసిన దినమును మాత్రము చెప్పగలవారు నూటికొక్కరుందురో లేదో. ఇది చెవులు లేకపోవుటచేత గాదు, వ్రాసికొనకపోవుటచేత.

వ్రాసికొనుటవలన నేమి లాభమని మీరడుగవచ్చును. అందులకు సమాధానముగా నేడొక వేసవి పక్షి చరిత్రమును మీకు విన్నవించెదను. ఇది రాజుల చరిత్రము కాదు. నూటయేబది యేండ్లకు పైగా, ఒకరినొకరు ఎఱుగని పలువురు మనుష్యులు, తాము చూచిన దానిని చూచినట్లు వ్రాసి, యొకరికొకరు తెలుపుకొనగా తేలిన సత్యమొకటి యిందు గలదు. ఆ చరిత్రమున నేను చేసిన తప్పొకటి కూడ గలదు. ముందుగా దానినే చెప్పెదను.

నేను తెలుగు పండితుడనుగా నుద్యోగమున జేరిన క్రొత్త. నెల్లూరు మండలపు మెట్టసీమలో నొక పాఠశాల. ఏప్రిలు నెల, ఒంటిపూట బడి. ముందటి రాత్రి పడమటిగాలి విసరి విసరి కొట్టినది. మేకలు కాచుకొనుచు చదువుకొను బాలుడొకడు ఆనాడు ఆలస్యముగా వచ్చి గుమ్మమున నిలిచెను.

"ఏమిరా, ఇంత ఆలస్యము?" అంటిని.

"అయ్యవారూ, రాత్రి మా గొడ్లసావిట్లో ఒక పిట్ట వచ్చి పడింది. వీపు పచ్చన, రెక్క మీద నీలం, పొట్ట కింద ఎరుపు, కంటి మీద నల్లని పట్టె. అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు" అనెను.

"పచ్చ, నీలము, ఎఱుపు! రామచిలుకకును పాలపిట్టకును పెండ్లి చేసితివా?" అంటిని. తరగతి యంతయు నవ్వినది.

"దానికి తోక కూడా లేదయ్యవారూ" అని వాడు మెల్లగా ననెను. నవ్వు రెట్టింపైనది. తోకలేని పిట్ట యెచ్చటనైన గలదా యని, ఆలస్యమునకు సాకుగా నసత్యమాడినందులకు, వానిని గంటసేపు నిలువబెట్టితిని. వాని యిల్లు బడికి కూతవేటు దూరము. పోయి చూచిన నాకు పోవునది లేదు. పోలేదు.

కొన్ని యేండ్లకు పట్టణమున నొక గ్రంథాలయములో సాలిం ఆలీ గారి పక్షుల పుస్తకమును తెఱచితిని. అందొక పుటలో ఆ బాలుడు చెప్పిన పిట్ట కూర్చుండియున్నది. వీపు ఆకుపచ్చ, రెక్కమీద నీలపు మచ్చ, పొట్ట యడుగున తోక మొదలున ఎఱుపు, ఱొమ్ము లేత పసుపువన్నె, గొంతు తెలుపు, కంటిమీదుగా నల్లని పట్టె, తోక యున్నదో లేదో యన్నట్లు మొండితోక. వాడు చెప్పినది అక్షరమక్షరము సత్యము. నేను చదివిన కావ్యములలో లేదు గనుక లోకములో లేదని తీర్పు చెప్పినవాడను నేను. తర్కసంగ్రహమున ఆప్తుడనగా నున్నదున్నట్లు చెప్పువాడని చదివి, దానిని నలువురికి చెప్పియు, ఆప్తుడు గుమ్మములో నిలిచిననాడు గుర్తింపలేకపోతిని.

ఆ పక్షిని నవరంగ పిట్ట యందురు. తెలుగున పొన్నంకి పిట్ట యను పేరును గలదు. ఇది మైనాకంటె కొంచెము చిన్నది. చెట్టుకొమ్మలపై నెగురుచు తిరుగదు. పొదల నీడలో నేలమీద గంతులు వేయుచు, ఎండుటాకులను తిరుగవేసి పురుగులను ఏఱుకొని తినును. ఉదయ సాయంసంధ్యలలో రెండు స్వరముల ఈల వేయును. సాయంకాల మాఱుగంటల వేళకు తప్పక కూయునని తమిళులు దానికి ఆఱుగంటల పిట్ట యను నర్థము వచ్చు పేరు పెట్టిరి. నేలనంటి పొదచాటున మెలగు పక్షి గనుక, ఇంత రంగులపోగైనను, పదియేండ్లొక యూర నివసించినవానికి కూడ కంటబడకపోవచ్చును.

ఇచ్చట మనకు గర్వకారణమైన సంగతి యొకటి గలదు. స్వీడను దేశపు పండితుడు లిన్నేయసు 1766లో ఈ పక్షికి శాస్త్రనామము పెట్టినప్పుడు దీనిని కాకుల జాతిలో జేర్చి పొట్టితోక కాకి యను నర్థము వచ్చునట్లు పేరు పెట్టెను. అది పొసగలేదు. 1816లో వియెయో అను ఫ్రెంచి పండితుడు దీనికి ప్రత్యేకమైన జాతినామ మేర్పఱచెను. ఆ నామమే 'పిట్ట'. అవును, మన తెలుగు మాటయే. ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వఱకు గల యీ కుటుంబపు పక్షుల నన్నిటిని నేడు లోకమంతయు పిట్ట లనియే పిలుచుచున్నది. లోకమునకు పేరిచ్చిన మనము, ఆ పేరుగల పక్షి మన కొట్టములో వ్రాలిననాడు దానిని కల్ల యంటిమి.

ఇక చరిత్రమునకు వత్తము. 1836లో జెర్డను అను నాంగ్లేయ వైద్యుడు చెన్నపట్టణమునకు వచ్చెను. తరువాత నెల్లూరున కొంతకాలము వైద్యాధికారిగా నుండెను. ఆయన రోగులను చూచు తీఱిక వేళలలో పక్షులను సేకరించెడివాడు. చెట్లపేర్లు, పిట్టలపేర్లు తెలిసిన స్థానికులను చేరదీసి, వారు చెప్పిన పేర్లను వ్రాసికొనెడివాడు. 1862 మొదలు 1864 వఱకు ఆయన ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున పెక్కు పక్షులకు తెలుగు పేర్లు కానవచ్చుట కిదియే కారణము. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రము గ్రంథమున లేవు. ఆయన చూపునకు వెనుక వారి చూపు కలదని మనము మఱవరాదు.

ఆ గ్రంథమున పొన్నంకి పిట్టను గుఱించి జెర్డను వ్రాసిన సంగతి మీరు వినవలసినది. కర్ణాటక సీమలో, అనగా మన తూర్పుతీరపు మైదానములలో, ఎండలు ముదురనారంభించి పడమటిగాలి బలముగా వీచు దినములలో ఈ పక్షి కానవచ్చునని ఆయన వ్రాసెను. ఆ దినములలో నిది గుడిసెలలోను, కొట్టములలోను, ఎచ్చట చాటు దొరకిన నచ్చట దాగుకొనునట. తాను మొట్టమొదట చూచిన పక్షి చెన్నపట్టణపు పెద్దాసుపత్రిలో దూరినదట. పిమ్మట నెల్లూరున నీరీతిగనే పెక్కింటిని సజీవముగా సంపాదించెనట. రెక్కల బలము చాలని పక్షి గనుక తూర్పు కనుమలనుండి గాలికి కొట్టుకొని వచ్చుచున్నదని ఆయన యూహించెను.

చూచితిరా! అదే నెల్లూరు, అదే వేసవి, అదే పడమటిగాలి, అదే కొట్టము. నూఱేండ్లకు ముందే దొర వ్రాసిపెట్టిన సంగతిని మా మేకలకాపరి బాలుడు తిరిగి చూచి చెప్పినాడు. దొర చెప్పిన శాస్త్రమైనది. వాడు చెప్పిన కల్లయైనది. భేదమొక్కటే: ఒకటి వ్రాయబడినది, ఒకటి వ్రాయబడలేదు.

అయితే జెర్డను చూచినది సత్యమే యైనను, ఊహించినది సంపూర్ణముగా సత్యము కాదు. ఒక్క యూర నొక్కడు చూచినంత మాత్రమున పక్షి యెచ్చటినుండి వచ్చినదో, ఎచ్చటికి పోవుచున్నదో తెలియునా? మన యూరి చెఱువుగట్టుపై నిలిచి చూచినవానికి బాటసారి యొకడు ఒక గడియసేపు కనబడును. వాడు కాశికి పోవుచున్నాడో, పొరుగూరికి పోవుచున్నాడో తెలియవలెనన్న, దారిపొడవున గల యూళ్లవారందఱు తాము చూచినది చెప్పవలయును. పక్షుల విషయమున నట్లు చెప్పించుటకు పూనుకొన్నవాడు హ్యూము.

హ్యూము పేరు మీకు తెలియనిది కాదు. 1885లో కాంగ్రెసు మహాసభ వెలయుటకు ముఖ్య కారకుడైన దొర యాయనయే. రాజకీయములకు ముందు ఆయన జీవితము పక్షులకు ధారపోయబడినది. 1872లో ఆయన పక్షుల కొఱకే యొక పత్రిక నారంభించెను. దేశము నలుమూలల నున్న అటవీశాఖ యుద్యోగులు, సైనికులు, ఇంజనీర్లు, వైద్యులు తమ తమ చోట్ల చూచినవానిని ఆయనకు వ్రాసి పంపెడివారు. ఏ పక్షి యే నెలలో ఎచ్చట గూడు కట్టెనో వచ్చిన లేఖలను కూర్చి 1873లో గూళ్లను, గ్రుడ్లను గుఱించి యొక గ్రంథమును వెలువరించెను. ఇట్లు భారతదేశమున మొదటిసారిగా పలువురి కన్నులు నొక్క పుస్తకమున గలిసినవి.

కాని ఆ కార్యమునకు కలిగిన గతిని విన్నచో మనసు కలగును. భారతదేశ పక్షులన్నిటిని గుఱించి యొక మహాగ్రంథము వ్రాయుటకై ఆయన యేండ్ల తరబడి సమకూర్చుకొన్న వ్రాతప్రతులు సిమ్లాలోని యింటిలో నుండెడివి. ఆయన చలికాలమున నచ్చట లేని సమయమున, సేవకుడొకడు ఆ కాగితములను తూకమునకు చిత్తుకాగితములుగా నంగడిలో నమ్మివేసెను. తిరిగివచ్చి చూచుకొన్న హ్యూము మనసు విఱిగెను. 1885లో తాను సేకరించిన పక్షుల చర్మములను, గ్రుడ్లను - ఇంచుమించు 80,000 - లండను ప్రదర్శనశాలకు దానము చేసి, ఆ విద్యనుండి వైదొలగెను. దినుసులు కట్టుటకు, పొట్లములు చుట్టుటకు పోయిన యా కాగితములలో ఏ యూరి యే వేసవి సంగతులుండెనో నేడెవ్వరు చెప్పగలరు? వ్రాసినది కూడ ఒక్కచోటనే యున్న నశించును. నలువురి చేతులలో నున్నదే నిలుచును. మన తాళపత్ర గ్రంథములు చెదలపాలైన కథ యెఱిగిన మనకు ఈ మాట క్రొత్త గాదు.

పత్రికలో నచ్చయిన లేఖలు మాత్రము మిగిలినవి. పని యాగలేదు. బొంబాయిలో 1883లో ఎనమండుగురు చేరి ప్రకృతి చరిత్ర సంఘము నొకదానిని స్థాపించిరి. 1886 మొదలు దాని పత్రిక వెలువడుచున్నది. ఆ కాలమున పక్షిని చూచుటయనగా తుపాకితో గొట్టి చేతబట్టి చూచుటయే. అట్లు కొట్టి తెచ్చిన పక్షి యొక్క జాతి తెలియును గాని, బ్రదికియున్నచో ఆ వేసవిలో నది యెచ్చటికి పోయెడిదో తెలియదు గదా! క్రమముగా తుపాకి వెనుకకు తగ్గి, దుర్భిణియు నోటుపుస్తకమును ముందునకు వచ్చినవి.

ఈ మార్పునకు మన దేశమున ముఖ్యుడు సాలిం ఆలీ గారు. ఆయన 1931, 1932 సంవత్సరములలో నైజాము ప్రభుత్వ సహాయముతో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరిపిరి. తెలంగాణపు అడవులలో, చెఱువులలో గల పక్షులను గుఱించి క్రమమైన వ్రాత యప్పుడే మొదలైనది. 1941లో ఆయన ప్రకటించిన బొమ్మల పుస్తకము సామాన్యుల చేతికి పక్షివిద్యను అందించినది. నా తప్పును నాకు చూపినదియు నా పుస్తకమే. 1960 మొదలు పక్షులను చూచువారి కొఱకు నెలనెల యొక చిన్న లేఖాపత్రిక వెలువడజొచ్చెను. అందు గొప్పవారికంటె బడిపంతుళ్లు, వైద్యులు, గుమాస్తాలు, విద్యార్థులు వ్రాసిన ముక్కలే యెక్కువ. 1980లో హైదరాబాదున గూడ పక్షులను చూచువారి సంఘ మేర్పడినది.

ఇట్లు పోగైన పలుకులను ఒకదానిప్రక్క నొకటి పేర్చి చూచినప్పుడు పొన్నంకి పిట్ట ప్రయాణము బయటపడినది. చలికాలమున దానిని చూచితిమని వ్రాసినవారు దక్షిణదేశమువారు, సింహళమువారు. వానకాలమున దాని గూడును చూచితిమని వ్రాసినవారు మధ్యదేశపు అడవులవారు, హిమవత్పాదములవారు. ఆ గూడు పుల్లలతో, ఆకులతో గుండ్రముగా, ప్రక్కన ద్వారముతో, నేలమీదనో క్రిందికొమ్మమీదనో యుండును. ఈ రెంటికిని నడుమ, ఏప్రిలు, మే నెలలలో దారిలో చూచితిమని, ఇంటిలో దూరినదని, వసారాలో సొమ్మసిల్లి పడియుండెనని వ్రాసినవారు నడిమి సీమలవారు. అందు మన తెలుగుదేశమువారును గలరు. అనగా నిది గాలికి కొట్టుకొనివచ్చిన దిక్కులేని పక్షి కాదు. చలికాలపు విడిదినుండి వానకాలపు పుట్టింటికి రాత్రివేళ పయనించు బాటసారి. గాలి యెక్కువైననాడు అలసి, తెల్లవాఱునప్పటికి చాటు దొరకిన కొట్టములో దిగును. జెర్డను గాలిని చూచెను, ప్రయాణమును చూడలేదు. ఆ ప్రయాణమును ఒక్కడు చూడగలుగుట యసాధ్యము. అది పదిమంది కన్నులకే కనబడునది.

మన పూర్వులును పక్షులను చూడనివారు కారు. కోకిలకు 'పరభృతము' అను పేరు అమరకోశమున గలదు. పరులచే పెంచబడునదని దాని యర్థము. కాకి గూటిలో కోకిల గ్రుడ్డు పెట్టునని కనిపెట్టినవాడెవడో యొక కాపరియో, వేటకాడో అయియుండును. వాని చూపు పదమై నిఘంటువునకెక్కినది. శాకుంతలమున దుష్యంతుడు శకుంతలను నిందించునప్పుడు కూడ ఈ సంగతినే యెత్తి పొడుచును. కాని దానిప్రక్కనే కవిసమయములును గలవు. చాతకము వానచినుకు దక్క మఱియొక నీరు త్రాగదనుట యట్టిది. ఇది కావ్యమునకు శోభయే గాని కంటికి కనబడు సత్యము కాదు. అయినను అందొక సత్యపు విత్తు గలదు: ఉత్తరదేశమున చాతకము నిజముగనే తొలకరితో కలిసి వచ్చును. 2007లో మైగ్రెంట్ వాచ్ అను పేర నొక యుద్యమము మొదలై, వలసపక్షులు మొదట కనబడిన తేదీలను వ్రాసి పంపుడని దేశమందలి జనులను కోరినది. చాతకము మొదట కనబడిన తేదీలును అట్లే సేకరింపబడినవి. కవి యొక్కడు పాడినదానిని వేలమంది తేదీలు వేసి పరీక్షించుట యనగా నిదియే.

ఇట్టి వ్రాతల ఫలము నేడెంతవఱకు వచ్చినదో వినుడు. 2023లో భారతదేశ పక్షుల స్థితిని గుఱించి యొక నివేదిక వెలువడినది. దానికి ఆధారము 30,000 మంది సామాన్య పరిశీలకులు వ్రాసి పంపిన 3 కోట్ల పరిశీలనలు. 942 జాతుల పక్షుల స్థితి యందు విచారింపబడినది. వేసవి గాయకుడైన కోకిల దేశమున పెరుగుచున్నదని తేలినది. గడచిన ముప్పదియేండ్ల లెక్కలో 75 వంతుల పెరుగుదల యట. కాని మన పాలపిట్ట తగ్గుచున్నది. అదే లెక్కలో 30 వంతులు తగ్గినదట. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతులలో 204 జాతులు తగ్గినవియే.

పాలపిట్ట మాట విని మీలో పలువురు నిట్టూర్చియుందురు. విజయదశమి నాడు ఊరి పొలిమేర దాటి పాలపిట్టను చూచి వచ్చు నాచారము మనది. నా చిన్ననాడు పొలిమేర దాటక ముందే తీగలమీద నాలుగైదు కనబడెడివి. తెలంగాణ రాష్ట్రమునకు నేడదియే రాష్ట్రపక్షి. మనమందఱమును దానిని దసరానాడే తలచుకొందుము. కాని అది తొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపునది వేసవిలో. గాలిలో మొగ్గలు వేయుచు కేకలు పెట్టు పాలపిట్టను చైత్ర వైశాఖములలో చూచి వ్రాసినవా రెందఱు? తొఱ్ఱగల ముసలిచెట్టును వంటచెఱకునకు నఱికిన యేడేదో, ఆ పొలమున పాలపిట్ట కనబడుట మానిన యేడేదో మీ యూళ్లలో మీకు తక్క నెవరికి తెలియును? ఉన్నదని వ్రాయుట యెంత ముఖ్యమో, ఇచ్చట నుండెడిది, ఇప్పుడు లేదని వ్రాయుటయు నంత ముఖ్యము.

గ్రామస్థుల మాటకు విలువ యేమని సందేహించువారికి కలివికోడి కథ చాలును. ఈ పక్షిని జెర్డనే నెల్లూరు, కడప సీమల పొదలలో మొదట కనుగొనెను. 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. 1900లో అనంతపురము వైపున కనబడిన పిమ్మట ఎనుబదియేండ్లకు పైగా పండితుల కంటబడలేదు. నశించినదనియే తలచిరి. బొంబాయి సంఘమువారు మరల వచ్చి, ఈసారి ఊరూర తిరిగి జనులను అడిగి వెదకగా, 1986 జనవరిలో కడప మండలమున రెడ్డిపల్లె చెంత అది దొరకినది. రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టి చూపినవాడు ఆ పొదలనెఱిగిన స్థానికుడే. పండితులు పోయినదన్న పక్షికి జనుల నోట పేరు నిలిచియుండెను. 1988లో ఆ లంకమల ప్రాంతము అభయారణ్యమైనది. అడుగకపోవుటచేత పోయినది, అడుగుటచేత దొరకినది.

ఇక నా కథకు ముగింపు చెప్పవలయును. రెండేండ్ల క్రిందట ఆ మెట్టసీమకే యొక పెండ్లికి పోయితిని. నెరసిన మీసముల పెద్దమనిషి యొకడు వచ్చి పాదములంటి నమస్కరించి, "అయ్యవారూ, నన్ను గుర్తుపట్టినారా? తోకలేని పిట్టవాణ్ణి" అనెను. నా నోట మాట రాలేదు. నీవు చెప్పినది సత్యమురా, తప్పు నాది యని నలువురిలో చెప్పితిని. ఆ పిట్ట యేమైనదని యడిగితిని.

"మీకు తెచ్చి చూపిద్దామనే గంప కింద మూసి పెట్టి వచ్చినాను అయ్యవారూ. మీరు నవ్వినారు గదా. ఇంటికి పోయి సాయంత్రం దాకా చూసి, పొద్దు గూకేటప్పుడు చింతతోపులో వదిలేసినాను. పోయింది" అనెను.

అది ఏ నాడో చెప్పగలవా యంటిని. తేదీ తెలియదనెను. కాని అమ్మవారి జాతర మఱునాడనెను. ఆ యూర జాతర చైత్ర పౌర్ణమి నాడు. ఆ యేటనే తన యక్క పెండ్లి యనెను. శుభలేఖ యింకను పెట్టెలో నున్నదనెను. తెప్పించి చూచితిని. రక్తాక్షి నామ సంవత్సరము. ఇంటికి వచ్చి పాత పంచాంగము తిరుగవేసితిని. రక్తాక్షి చైత్ర బహుళ పాడ్యమి, సోమవారము. 1984 ఏప్రిలు 16. ఆ రాత్రియే నోటుపుస్తకమున నా తేదీని, ఊరిని, కొట్టమును, పడమటిగాలిని, సాయంకాలము విడిచిపెట్టుటను వ్రాసి, చూచినవాడు ఫలానాయని వాని పేరు వ్రాసితిని. నమ్మనివాడు ఫలానాయని నా పేరును వ్రాసితిని. నలువదియేండ్లు ఆలస్యముగానైనను, ఆ మాట మూడుకోట్ల మాటల ప్రక్కన నిలువదగినదే.

పెద్దలారా, మీ కిది చేయుట కష్టము కాదు. పాత పంచాంగమున ఖాళీయంచు చాలును. ఏ పిట్ట, ఏ తిథి, ఏ తేదీ, ఏ యూరు, చెట్టుమీదనా చెఱువులోనా, ఎన్ని, కనబడినదా వినబడినదా, చూచినవారెవరు - ఇంతయే. పేరు తెలియకున్న రంగు వ్రాయుడు. తోక లేకున్న లేదని వ్రాయుడు. తెలియనిదానికి తెలిసిన పేరు తగిలింపకుడు. పది కనబడిన వంద యనకుడు. గూడున్న చోటు పట్టువారి చెవిని వేయకుడు. ఈ సంగతులను మీ మనుమలకు చూపుడు. వారి చేతిలోని ఫోనునుండి ఆ మాట గడియలో దేశపు లెక్కలో జేరును. వ్రాత యొకటి మీ యింట, ఒకటి దేశమున నుండిన, హ్యూము కాగితములకు కలిగిన గతి దానికి కలుగదు.

ఈ వేసవిలో పడమటిగాలి కొట్టిన మఱునాడు మీ కొట్టములో రంగుల పిట్ట యొకటి సొమ్మసిల్లి పడియుండవచ్చును. దానిని పంజరమున బెట్టకుడు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అది నేరము. పిల్లియు కుక్కయు ముట్టకుండ, చల్లనిచోట గంప క్రింద నుంచి, అలసట తీఱిన పిమ్మట పొద్దుగ్రుంకువేళ చెట్లచాటున విడువుడు. దాని కింకను చాల దూరము పయనము గలదు.

అట్టి పిట్టను చూచితినని బాలుడెవడైన పరుగున వచ్చి చెప్పినచో, నావలె నవ్వకుడు. లేచి వానివెంట పోయి చూడుడు.